ఫ్యూజు మీద చుట్టిన వెండి కాగితం

పాట గట్టిగా పెడితే స్పీకర్లు పాడవుతాయని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. చప్పుడొక్కటే స్పీకరును చంపదు. యాంప్లిఫైయరు తన శక్తికి మించిన పాటను మొయ్యలేక, దాని తలా తోకా నరికి పంపినప్పుడు పుట్టే వేడి చంపుతుంది. కాగితపు కోను వెనకాల వెంట్రుకలాంటి రాగి తీగ చుట్టి ఉంటుంది. ఆ వేడికి ముందు దాని మీది పూత కరుగుతుంది, తర్వాత తీగ మాడుతుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనపడదు. పెట్టె అందంగానే ఉంటుంది.

ఈ సంగతులు నేను చదువుకుని నేర్చుకున్నవి కావు. ఉద్యోగం చెరకు ఫ్యాక్టరీ స్టోర్సులో. బోల్టులు, బేరింగులు, గ్రీజు డబ్బాలు నా లోకం. స్పీకర్ల గురించి నేర్చుకున్నది మా అమ్మ చెవుల కోసం.

మా అమ్మను మేమిద్దరు అన్నదమ్ములమూ అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమె పుట్టిల్లు న్యాల్‌కల్ దాటి, కర్ణాటక వైపు ఉన్న పల్లె. జహీరాబాద్‌కు కోడలిగా వచ్చి అంతకాలమైనా కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఆమె నోట ముందు కన్నడమే వచ్చేది. వయసు పైబడ్డాక చెవులు తగ్గాయి. మొదట సన్నటి చప్పుళ్లు పోయాయి. పిట్టల కూతలు, గాజుల చప్పుడు, ఆ తర్వాత నా భార్య గొంతు. లావు చప్పుళ్లు మాత్రం ఉండిపోయాయి. పక్కన కూర్చున్న కోడలి మాట వినపడేది కాదు గానీ, బొంబాయి రోడ్డు మీద లారీ పోతుంటే "లోడు బండి" అని చెప్పేది. చూస్తే నిజంగానే చెరకు లోడు ఉండేది.

"నా మాట ఇననీకె నేను గూడ లారీ ఎక్కాలె గావచ్చు" అనేది నా భార్య.

ఎనభైలు మొదలైన కొత్తలో ఇంటికి స్టీరియో తెచ్చాను. టేపు డెక్కు, యాంప్లిఫైయరు హైదరాబాదు కోఠీలో తీసుకున్నాను. పెట్టెలు మా ఊరి వడ్రంగి చేత చేయించాను. ఒక్కో పెట్టెలో కింద లావు శబ్దానికి ఒక పెద్ద స్పీకరు, పైన సన్న శబ్దానికి ఒక చిన్నది. నిజం చెప్పాలంటే అది నా సరదా కోసమే తెచ్చుకున్నది. అవ్వ దాన్ని తనది చేసుకుంది.

ఒకరోజు పొద్దున బీదర్ బస్టాండులో కొన్న, కన్నడ శివభక్తుల వచనాల పాటల క్యాసెట్ పెట్టాను. లావు గొంతుతో ఒకాయన పాడుతుంటే వెనక మద్దెల మోగుతోంది. అవ్వ స్నానం చేసి వచ్చి, కొంగు సర్దుకుంటూ ఆసరా కోసం ఒక పెట్టె మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు. రెండో చెయ్యి రెండో పెట్టె మీద వేసింది. తల కొంచెం వంచింది.

"బంతు, బంతు" అంది. వచ్చింది, వచ్చింది అని.

ఆ రోజు నుంచి అదే అలవాటు. పొద్దున స్నానం కాగానే రెండు పెట్టెల నడుమ పీట వేసుకుని కూర్చునేది. అరచేతులు రెండూ పెట్టెల మీద. చెవితో కొంత, చేతులతో కొంత, పాట మొత్తం ఆమెకు అందేది. మధ్యలో తనూ ఒక పదం కలిపేది. ఇంట్లో ఎవరితో మాట్లాడినా 'ఆఁ? ఆఁ?' అని అడిగే మనిషి, ఆ కాసేపు ఎవరినీ ఏమీ అడిగేది కాదు. మిగతా రోజంతా ఆ కాసేపటి కోసమే కాచుకున్నట్టు ఉండేది. నేను డ్యూటీకి పోయే ముందు ఆమె పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని ఛాయ్ తాగేవాణ్ణి.

చిక్కు ఒక్కటే. ఆమెకు అందాలంటే చప్పుడు చాలా పెంచాలి. ఎదురింటావిడ గోడ మీద నుంచి అరిచేది:

"పెద్దమ్మా! నీ భజనకు మా బర్రె పాలిస్తలేదే!"

అవ్వకు వినపడేది కాదు. ఆశీర్వదిస్తున్నట్టు చెయ్యి ఊపేది.

రోజూ అంత చప్పుడు మోసే స్పీకర్లు ఎక్కువకాలం బతకవు. ఇవి పోతే మళ్లీ తేవడం నా జీతానికి అయ్యే పని కాదు. అందుకని కోఠీలో యాంప్లిఫైయరు ఇచ్చినతన్ని అడిగి, ఫ్యాక్టరీలో కరెంటు పని చేసేవాళ్లను అడిగి, నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. వాల్యూం గుండీ చుట్టూ ఎంతవరకు తిప్పితే గొంతు చీరుకుపోకుండా ఉంటుందో చూసి, అక్కడ ఎర్ర రంగుతో గీత గీశాను. మద్దెల శబ్దం పెంచే రెండో గుండీని సగం దాటనిచ్చేవాణ్ణి కాదు, ఎందుకంటే కోనును ముందుకూ వెనక్కూ తోసేది అదే. యాంప్లిఫైయరు వేసేటప్పుడూ ఆపేటప్పుడూ గుండీ సున్నా మీదే ఉండాలి. వోల్టేజి పడిపోయిన రోజున గీత దాకా కూడా పోకూడదు, ఎందుకంటే వోల్టేజి లేని యాంప్లిఫైయరు త్వరగా ఆయాసపడుతుంది. వీటన్నిటికీ తోడు, ఒక్కో పెట్టె వెనక లోపలివైపు ఒక గాజు ఫ్యూజు పెట్టించాను. హద్దు దాటితే ముందు ఫ్యూజు పోతుంది, స్పీకరు బతుకుతుంది. డైరీ రాసే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి ఏ రోజు వోల్టేజి ఎట్లా ఉందో కూడా రాసేవాణ్ణి. ఇంట్లో నవ్వుకునేవాళ్లు.

ఇక మా తమ్ముడి సంగతి. నాయన పోయేనాటికి వాడు చిన్నవాడు. సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయింది నేనే. పెళ్లి చేసిందీ నేనే. వేరే ఇల్లు పెట్టుకున్నా రోజూ వచ్చి అవ్వను చూసిపోయేవాడు. మనిషి హుషారు, మాటకారి. అవ్వ చెవి దగ్గర నోరు పెట్టి ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు. ఆమెకు వాడంటే ప్రాణం. నాకూ అంతే.

వాడు బొంబాయి రోడ్డు మీద టైర్ల దుకాణం పెట్టాడు. లారీలు ఆగే చోటు. దసరానాడు తెరవాలని ముహూర్తం. నాలుగు రోజుల ముందు వచ్చి అడిగాడు.

"అన్నా, ఒక్క దినం. మైకుసెట్టోడు పెడితే గొట్టం ఒర్లినట్టుంటది. నీ డబ్బలు పెడితే మంది నిలవడి ఇంటరు."

"అవి ఇంట్లకే రా. రోడ్డు మీద గోడలుండవు. చప్పుడు గాలికి పోతది. ఇంకింత పెంచుదామనిపిస్తది. అట్లనే కాలిపోతయ్."

"గీత దాటను. నీ మీదొట్టు."

"నా మీద వద్దు."

"అయితె వదినె మీద."

"నా మీద ఏందయ్యా నడుమ!" అని వంటింట్లోంచి కేక వచ్చింది. ముగ్గురం నవ్వుకున్నాం.

ఇచ్చాను. దసరా పొద్దున నేనే పోయి తీగలు కలిపి, గుండీ గీత మీద ఆపి చూపించాను. ఫ్యూజు పోతే ఏం చెయ్యాలో చెప్పాను. చెయ్యాల్సింది ఒక్కటే, ఆపెయ్యాలి. తమ్ముడు బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని విన్నాడు. పూజ అయ్యాక, కొబ్బరికాయ కొట్టాక, ఎండ ఎక్కువవుతోందని అవ్వను తీసుకుని ఇంటికి వచ్చేశాను.

మర్నాడు డ్యూటీ నుంచి ఇంటికి వచ్చేసరికి స్టీరియో యథాస్థానంలో ఉంది. తమ్ముడే తెచ్చి, తనే తీగలు కలిపి, పెట్టెల మీద దుమ్ము కూడా తుడిచి, కూర్చుని ఛాయ్ తాగుతున్నాడు. నాకు ముచ్చటేసింది. పాట పెట్టాడు. వచ్చింది గానీ పల్చగా వచ్చింది, నీళ్లు కలిపిన మజ్జిగలాగా.

"వోల్టేజి లేదన్నా" అన్నాడు నేను అడగకముందే. "ఊరవతల అందరి బాయిల మీద మోటార్లే నడుస్తున్నయ్. మా దుకాణంల బల్బు గుడ్డి దీపం లెక్క ఉన్నది."

స్టెబిలైజరు ముల్లు చూశాను. నిజంగానే కిందికి పడిపోయి ఉంది. చెరకు తోటలకు నీళ్లు పెట్టే రోజులు, ఏటా అంతే. నమ్మాను. నమ్మకపోవడానికి నాకు కారణమేమీ కనపడలేదు.

అవ్వ వచ్చి పీట మీద కూర్చుంది. అరచేతులు రెండూ పెట్టెల మీద పెట్టింది. కాసేపు చూసింది.

"పెట్టలేదా ఇంకా?"

"పెట్టిననే అవ్వా. పాడుతుండు."

ఆమె చేతులు కొంచెం జరిపి మళ్లీ పెట్టింది. ఒక చెవి పెట్టెకు ఆనించింది. తర్వాత చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇగ అయిపాయె బిడ్డా. నా చెవులు పోయినయ్."

ఆమెకు నేనేదో చెప్పబోయేలోపు తమ్ముడు లేచి ఆమె పక్కన కూర్చున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు:

"వయసు గదనే అవ్వా! అందరికి పోతయ్! ఫికర్ చెయ్యకు! ఝరాసంగం సంగమేశ్వరునికి నీ చెవుల కోసం మొక్కుకుంట!"

ఆమె వాడి తల నిమిరింది. ఇంతకుముందు వోల్టేజి తగ్గిన రోజున కూడా ఆమెకు పాట అందేది కాబట్టి, చెవులే పోయాయని నేనూ అనుకున్నాను. నాకు కళ్లు తడిసి పెరట్లోకి వెళ్లిపోయాను.

ఆ తర్వాతి రోజుల్లో ఆమె మారిపోయిన తీరు ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. పొద్దున స్నానం చేసి నేరుగా మంచం మీదికి పోయేది. ఎవరైనా మాట్లాడుతుంటే 'ఆఁ?' అనడం కూడా మానేసింది. అడిగి ఏం లాభం అన్నట్టు చూసేది. ఎదురింటావిడ కొత్తిమీర ఇవ్వడానికి వచ్చి, పలకరించి, సమాధానం లేక నా భార్య వైపు చూసి వెళ్లిపోయింది. ఒకనాడు తమ్ముడు వచ్చినప్పుడు అవ్వ నాతో అంది:

"పెద్దోడా, ఆ డబ్బలు వాని దుకాణంల పెట్టుకోనియ్యి. ఈడ ఎవరికి పనికొస్తయ్?"

తమ్ముడు తల దించుకుని కాలి బొటనవేలితో గచ్చు గీకుతూ కూర్చున్నాడు. అది దుఃఖమనుకున్నాను. వాణ్ణి ఓదార్చాను కూడా.

కొన్నాళ్లకు మనసు ఒప్పక ఆమెను బీదర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అంతకుముందు ఏడాది చూసినాయనే. రెండు కొమ్ములున్న ఉక్కు చువ్వలను, చిన్నదీ పెద్దదీ, ఒక్కొక్కటే తన మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టాడు, చెవి వెనక ఎముకకు ఆనించాడు. చిన్న చువ్వకు అవ్వ తల అడ్డంగా ఊపింది. పెద్ద చువ్వ గుంయ్యిమనగానే చెయ్యెత్తింది. ఆయన కన్నడంలో ఏదో అడిగితే ఆమె జవాబు చెప్పింది.

"నిరుడు ఎట్లున్నయో గట్లనే ఉన్నయ్" అన్నాడు నాతో. "సన్న శబ్దం ఎప్పుడో పోయింది. లావు శబ్దం బాగనే వింటున్నది. ఏం తగ్గలేదు."

బస్సులో వస్తుంటే అవ్వ కొట్టిపారేసింది. "చువ్వ ఎముకకు తగిలితె ఎవలకైన తెలుస్తది. డాక్టరుకేం ఎరుక?"

నేను మాత్రం మరో దారిన ఆలోచించడం మొదలుపెట్టాను. చెవులు మారలేదు. వోల్టేజి రెండు రోజుల నుంచి బాగానే ఉంది. పాట ఇంకా పల్చగానే వస్తోంది. ఇక మారింది ఏమిటి?

మధ్యాహ్నం ఇంటికి చేరగానే స్క్రూడ్రైవరు తీసుకుని పెట్టె వెనక పలక విప్పాను. విప్పగానే మాడిన పూత వాసన కొట్టింది. ఫ్యూజు తన చోట తను ఉంది. కానీ దాని గాజు చుట్టూ, ఈ కొన నుంచి ఆ కొన దాకా, సిగరెట్ ప్యాకెట్‌లో ఉండే వెండి కాగితం బిగించి చుట్టి ఉంది. ఇంటి ఫ్యూజు ఎగిరిపోతే దొరికిన తీగ ముక్క కట్టి కరెంటు తెచ్చుకోవడం మా ఊళ్లో ఎవరికి తెలియని విద్య? ఆ విద్యే ఇక్కడా చూపించారు. వెండి కాగితం ఎంత కరెంటునైనా పోనిస్తుంది. అది కాలదు, స్పీకరు కాలుతుంది. పెద్ద స్పీకరు కోనును వేలితో నొక్కితే కదల్లేదు. కాయిల్ కరిగి అయస్కాంతానికి అతుక్కుపోయింది. రెండో పెట్టె విప్పాను. అదీ అంతే.

పైన ఉన్న చిన్న స్పీకర్లు రెండూ బతికే ఉన్నాయి. అందుకే నాకు పాట పల్చగానైనా వినిపించింది. అవ్వకు ఆ సన్నశబ్దం ఎప్పుడో పోయింది. ఆమెకు మిగిలింది లావు శబ్దం ఒక్కటే, అది ఈ పెట్టెల్లో చచ్చిపోయింది.

నా భార్య వచ్చి చూసి, వాసన చూసి, నా పక్కన నేల మీద కూర్చుంది.

ఆ వెండి కాగితం జేబులో పెట్టుకుని దుకాణానికి పోయాను. తమ్ముడు గల్లా దగ్గర ఉన్నాడు. పనివాళ్లు తిండికి పోయారు.

"ఏందన్నా, గింత ఎండల? ఛాయ్ చెప్పాల్నా?"

కాగితం బల్ల మీద పెట్టాను. "ఇదేంది?"

"సిగరెట్ కాయిదం." నవ్వబోయాడు. "నీ ముందర నేనెన్నడన్న తాగిన్నా?"

నేను నవ్వలేదు. వాడి నవ్వు ఆగిపోయింది.

"ఫ్యూజు మాటిమాటికి పోతుండెనే అన్నా" అన్నాడు. "ఎట్ల ఆపాలె? ఎదురుంగ లారోళ్లు హారన్లు కొడుతున్రు. ఒగడైతె, 'ఏం సేఠ్, నీ పాటకు జరమొచ్చిందా, గొంతు లేస్తలేదు' అన్నడు. మందంత నవ్విన్రు. కొత్త దుకాణం, మొదటి దినమే ఇజ్జత్ పోతదని... పనోడు కాయిదం చుట్టిండు. నేనే చుట్టుమన్న. బాగు చేపిస్తనే. డబ్బలే గద."

"డబ్బల ముచ్చట కాదు. అవ్వకు ఏం చెప్పినవ్?"

"నేనేం చెప్పిన? చెవులు పోయినయని అవ్వనే అనె. నేను ఊఁ అన్న."

"ఊఁ అన్నవా? చెవుల నోరువెట్టి ఒర్లినవ్ గదరా, అందరికి పోతయని! నేను ఆడనే ఉన్న. కాలిపోయినయని నీకెరుకై, పాట ఇనొస్తలేదని అవ్వ గోసపడుతుంటె, ఎట్ల అన్నవ్ ఆ మాట?"

వాడు బల్ల మీది కాగితాన్ని వేలితో అటూ ఇటూ తోశాడు. రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి.

"నీకు భయపడ్డనే. నువ్వు ఏమన్న అంటవని కాదు. ఏమనకుంట చూస్తవ్ సూడు, దానికి. అవ్వ అట్ల అనంగనే నోట్లకెళ్లి వచ్చింది. ఒకసారి అన్నంక ఎట్ల ఎనకకు తీస్త?" కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు చెప్పకన్నా. నేనే చెప్త. అవ్వకు నేనే చెప్పుకుంట. జర టైమియ్యి."

ఇచ్చాను. అది వాడి హక్కు అనుకున్నాను. తప్పు చేసినవాడి నోట వింటేనే ఆమెకూ కాస్త నొప్పి తగ్గుతుందనిపించింది.

సెలవు పెట్టి స్పీకర్లను హైదరాబాదు తీసుకుపోయాను. కొత్త కాయిల్, కొత్త కోను వేయించడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాలన్నీ తమ్ముడు రోజూ వచ్చాడు, అవ్వ పక్కన కూర్చున్నాడు, వెళ్లాడు. వాడు గడప దాటేటప్పుడల్లా నేను ముఖం చూసేవాణ్ణి. 'రేపు' అన్నట్టు కళ్లతో సైగ చేసేవాడు.

స్పీకర్లు బిగించి, వోల్టేజి చూసుకుని, పాట పెట్టిన రోజు వాడూ ఉన్నాడు. నేనే రమ్మన్నాను. అవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టాను. రానంటూనే వచ్చింది. నేనే ఆమె అరచేతులు పట్టుకుని పెట్టెల మీద పెట్టాను. మద్దెల మొదలైంది.

ఆమె ఉలిక్కిపడింది. "బంతు!" అంది. కళ్లమ్మట నీళ్లు ధారగా కారాయి. చేతులు పెట్టెల మీద నుంచి తియ్యకుండానే తల తిప్పి చిన్నకొడుకును వెతుక్కుంది.

"నీ మొక్కు దేవుడిన్నడురా! చెవులు మల్ల వచ్చినయ్!"

నేను తమ్ముడి వైపు చూశాను. ఇంతకన్నా మంచి సమయం ఉండదు. ఒక్క మాట చాలు. వాడు నన్ను చూశాడు, తర్వాత చూపు తిప్పుకుని ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"అంతా సంగమేశ్వరుని దయనే అవ్వా!"

స్పీకర్లు మాడ్చినందుకు నేను వాణ్ణి ఎప్పుడో క్షమించాను. చెవులు పోయాయని అబద్ధం చెప్పినందుకు కూడా, భయంతో అన్నాడులే అని సర్దుకున్నాను. కానీ పోయిన చెవులను తనే తెచ్చిచ్చినట్టు నా ఎదురుగా, నా కళ్లలోకి చూసిన తర్వాత చెప్పిన ఆ మాట నాలో ఎక్కడో దిగిపోయి అక్కడే ఉండిపోయింది. నేను పెంచిన పిల్లవాడు, నేను ఆమె చేతులు పట్టుకుని పెట్టెల మీద పెట్టిన చోటే నిలబడి, నన్ను దోచుకున్నాడు.

వారం తిరిగేసరికి వీధంతా ఆ కథే. "మా చిన్నోడు మొక్కిండు, నా చెవులు వచ్చినయ్" అని అవ్వ వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పేది. ఎదురింటావిడ తన మోకాళ్ల నొప్పికి కూడా మొక్కమని మా తమ్ముణ్ణి అడిగింది.

నేనే చెప్పాలని నిశ్చయించుకున్నాను. కానీ చెవిటి తల్లికి రహస్యం చెప్పడం ఎట్లా? ఆమెకు చదువు రాదు, రాసి చూపించలేను. చెప్పాలంటే అరవాలి, అరిస్తే వీధికంతా తెలుస్తుంది. ఒక ఆదివారం నా భార్య పుట్టింటికి పోయిన పూట తలుపులు, కిటికీలు మూశాను. నా గొంతు బయటికి పోకుండా పాట కూడా గట్టిగా పెట్టాను.

"తగ్గియ్యి" అంది అవ్వ. "పాట తప్ప ఏమినొస్తలేదు. ఏందో అంటున్నవ్."

ఆపేశాను. ఆ నిశ్శబ్దంలో ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పాను. దుకాణం, కాగితం, మాడిన కాయిల్, డాక్టరు మాట, హైదరాబాదు, మొక్కు. కొన్ని మాటలు రెండుసార్లు అరవాల్సి వచ్చింది. 'అబద్ధం' అన్న మాట మూడోసారికి గానీ ఆమెకు అందలేదు.

ఆమె మొత్తం విని, మూసిన కిటికీ వైపు చూసింది.

"మెల్లగ అను. మంది ఇంటరు." తర్వాత అడిగింది, "ఈ మాట వానితోని అన్నవా?"

తల ఊపాను.

"ఏమన్నడు?"

"నేనే చెప్త అన్నడు. చెప్పలే."

"మరి నాకెందుకు చెప్పినవ్ నువ్వు?"

నేను గుండీ సున్నా మీద ఉందో లేదో మళ్లీ చూశాను.

"చెవులు వచ్చినయని సంబురం ఉండె" అంది. "నా కొడుకు నా కోసం మొక్కిండని ఇంకింత సంబురం ఉండె. ఇప్పుడేం మిగిలిచ్చినవ్ నాకు?" కొంగుతో మూతి తుడుచుకుంది. "సరే. నాకు తెలిసినట్టు వానికి తెల్వొద్దు. తెలిస్తె వాడు ఇంటికి రాడు. సిగ్గుపడి రాడు. నాకు ఒట్టు పెట్టు."

పెట్టాను. ఆమె చాచిన అరచేతిలో చెయ్యి వేశాను. బయట పడుకున్న కుక్క లేచి మొరిగింది. నేను పోయి కిటికీలు తెరిచాను.

మర్నాడు ఎదురింటావిడ వచ్చి కూర్చుంటే అవ్వ మళ్లీ అదే కథ చెప్పింది. చిన్నోడు మొక్కిండు, దేవుడిన్నడు. చెబుతున్నంతసేపూ నా వైపే చూసింది, మాట తడబడకుండా. నేను ఛాయ్ గ్లాసు కింద పెట్టి చెప్పులేసుకున్నాను. నిజం చేతిలో పెడితే ఆమె నా పక్కకు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ తర్వాత కూడా రోజూ పొద్దున ఆమెకు పాట పెట్టాను, వోల్టేజి చూసుకున్నాను, గీత దాటకుండా కాపలా కాశాను. కానీ పక్కన గోడకు ఆనుకుని కూర్చోవడం మానేశాను.

మొక్కు తీర్చడానికి ముగ్గురం ఝరాసంగం పోయాం. నేను ముందు రానన్నాను. పెద్దకొడుకు లేకుండా ఎట్లా అంది అవ్వ. గుండంలో స్నానాలు చేసి, అభిషేకం చేయించి, తిరుగు బస్సు ఎక్కాం. ముగ్గురు కూర్చునే సీటు దొరికింది. నడుమ అవ్వ, చెరో పక్క మేము. దారి పొడుగునా కంది చేలు, పత్తి చేలు.

ఆమె మీదుగా మేము ఏం మాట్లాడుకున్నా ఆమెకు వినపడదు. దుకాణంలో మాట్లాడిన తర్వాత తమ్ముడు నాతో సూటిగా మాట్లాడింది అప్పుడే. ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు:

"అన్నా. అవ్వకు చెప్పలే గద నువ్వు?"

అవ్వ అరచేతుల వైపు చూశాను. "లేదు" అన్నాను.

"నిజంగ?"

"చెప్పలే అంటున్న గద."

వాడు సీటుకు వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. భుజాలు తేలికపడ్డాయి. ముఖం మీదికి ఆ పాత హుషారు అప్పుడే వచ్చేసింది. "బతికిచ్చినవన్నా. ఎట్ల చెప్పాల్నో తెల్వక సచ్చిపోతుంటి. ఇగ ఆ ముచ్చట ఆడికే సరి" అన్నాడు.

అవ్వ మా పెదవులు కదలడం చూసింది. నా మోచెయ్యి పట్టుకుని అడిగింది:

"ఏమంటుండురా?"

ఆమె చెవి దగ్గరికి వంగి, బస్సంతా తిరిగి చూసేలా అరిచాను:

"ఏం లేదవ్వా! ఆకలైతుందట!"

"అయ్యో, చెప్పొద్దా మరి" అంటూ ఆమె కొంగు ముడి విప్పి, ప్రసాదం కొబ్బరి ముక్క తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు నవ్వుతూ కొరికాడు. ఇంకో ముక్క తీసి, నా ముఖం చూడకుండా, నా ఒళ్లో పెట్టింది.